మౌస్ ముట్టుకున్నా మాయం కాని బొమ్మలు

మా బడి కంప్యూటర్ గదిలో పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుంటే, ఎంత బుద్ధిమంతులో అని మొదట్లో మురిసిపోయాం. అసలు సంగతి తర్వాత తెలిసింది. కాసేపు మౌస్ ముట్టకపోతే తెరమీద రంగురంగుల రిబ్బన్లు ఎగురుతాయి. ఆ తపస్సంతా వాటి కోసమే! ఎవరి మోచెయ్యో బల్లకు తగిలిందా, రిబ్బన్లు మాయం, వెంటనే తగువు. "సార్, ముట్టుకున్నా పోకుండా చెయ్యండి సార్" అని అందరూ ఒకటే పట్టు.

ఎవరూ పని చేయనప్పుడు కనబడటమే స్క్రీన్ సేవర్ లక్షణం. వెనకటి పెట్టెలాంటి మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే తెర లోపలి పూత అరిగి ఆ బొమ్మ మచ్చలా మిగిలిపోయేది. అందుకే కదిలే బొమ్మలు వచ్చాయి. ఇప్పటి పలచటి తెరలకు ఆ బాధ దాదాపు లేదు. కరెంటు ఆదా కావాలంటే తెర ఆపేయడమే మేలు.

అయినా పిల్లలు అడిగారు కనుక ప్రయత్నించాం. విండోస్ 7లో ఒక చిట్కా ఉంది. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో స్క్రీన్ సేవర్ ఫైలు పూర్తి పేరు కొట్టాలి. ఒక ఖాళీ వదిలి ఏటవాలు గీత, ఇంగ్లీషు పి అక్షరం, దానికి ఆనుకుని 65552. స్క్రీన్ సేవర్‌ను ఎంచుకునేటప్పుడు నమూనా చూపించే చిన్న కిటికీ ఉంటుంది కదా, పి అంటే ఆ నమూనా. ఆ అంకె డెస్క్‌టాప్ కిటికీ గుర్తు. అంటే నమూనాను డెస్క్‌టాప్ మీదే ఆడించమని చెబుతున్నామన్నమాట. ఆపాలంటే టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లాలి.

రిబ్బన్లు ఎగిరాయి, గదంతా కేకలు. కానీ మా పాత కంప్యూటర్ ఫ్యాను రొద పెట్టింది, పాఠం ఫైలు తెరవడానికి యుగం పట్టింది. రెండో రోజే తీసేశాం. ఇంటర్నెట్‌లో కొత్త స్క్రీన్ సేవర్లు ఉచితమంటూ దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకండి. స్క్రీన్ సేవర్ ఫైలు బొమ్మ కాదు, నడిచే ప్రోగ్రామే. ఆ వేషంలో వైరస్‌లు వస్తాయి.

అప్పుడు మాకు వేరే ఆలోచన వచ్చింది. పిల్లలు కళ్లార్పకుండా చూసే చోటు ఒకటి దొరికింది, అక్కడ రిబ్బన్లే ఎందుకు?

మా కైవారం వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మఠంలో భజనల్లో కైవారం తాతయ్య తెలుగు తత్వాలు వింటారు, కొందరు అప్పగిస్తారు కూడా. చదవమంటే మాత్రం తడబడతారు. తెలుగు అక్షరం వాళ్లకు కనబడేదెక్కడ? బస్సు బోర్డు కన్నడం, అంగడి బోర్డు కన్నడమో ఇంగ్లీషో. అందులో తప్పేమీ లేదు, కన్నడం మన పిల్లలకు బాగా రావాలి. కానీ తెలుగు తలకట్టు పెట్టాల్సిన చోట కన్నడ తలకట్టు పెట్టేవాళ్లు తరగతిలో సగం మంది. కంప్యూటర్ లోపల కూడా ఈ రెండూ పక్కపక్క ఇళ్లే. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గళ్లు, అవి అయిపోగానే కన్నడానికి 128.

అందుకని రోజుకొకరు తమ ఇంటి మాట ఒకటి పలక నిండా రాయాలన్నాం. సెనక్కాయ, సంగటి, ఉర్లగడ్డ, పట్టుగూడు ఇలా వచ్చాయి. వాటిని ఫోను అడ్డంగా పట్టుకుని ఫొటో తీసి, కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో వేశాం. డెస్క్‌టాప్ మీద కుడి మీట నొక్కి, పర్సనలైజ్‌లో డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్ తెరిచి, ఆ ఫోల్డర్ చూపించాం. విండోస్ 7లో 10 సెకన్లకోసారి బొమ్మ మార్చవచ్చు. విండోస్ 10లో బ్యాక్‌గ్రౌండ్ కింద స్లైడ్‌షో ఎంచుకోవాలి. అక్కడ ఒక నిమిషం కంటే తక్కువ కుదరదు. ఐకాన్లు ఎడమ పక్కన ఉంటాయి కాబట్టి పలకలో అటువైపు కాస్త ఖాళీ వదిలించండి. మేము మొదట ఆ సంగతి మరిచి 'సెనక్కాయ'లో 'సె' పోగొట్టుకున్నాం. పలక మీది రాత ఫొటోయే కనుక ఫాంటు తంటా కూడా లేదు.

ఇది రిబ్బన్లంత చురుగ్గా కదలదు, నిజమే. మౌస్ ముట్టుకున్నా పోదు. ఫ్యానూ అరవదు.

పోయిన వారం ఐదో తరగతి పాప ఒకతె తెరమీద తన పలక రాగానే లేచి నిలబడింది. "సార్, 'ఉర్లగడ్డ'లో డకు వత్తు మరిచినాను. వేరేది రాసిస్తా, అది తీసేయండి" అంది. రాసుకురమ్మన్నాం. పాతది మాత్రం తీయలేదు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, తప్పేదో ముందు ఎవరు చెబుతారా అని ఇప్పుడు అదొక పోటీ.