గని గడపకున్న లెక్క ఇంటి గడపకు లేదా?

గోదావరిఖని: తుఫాను అనగానే అది సముద్రం ఒడ్డువాళ్ల బాధ అనుకోవడం మనకు అలవాటు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు మనకది పేపరులో చదివిన దూరపు వార్తే. కానీ 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుఫాను మర్నాటికల్లా వరంగల్లు వీధుల్లో నీళ్లు పారించింది. గాలి ఇంతదూరం వచ్చేసరికి నీరసిస్తుంది. వాన మాత్రం నీరసించదు.

నీటితో చెలగాటం కూడదని బాయి పనివారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు బలయ్యారు. బొగ్గుగనుల నిబంధనల్లో ఒక మాట ఉంది. గని ద్వారం, ఆ చోట అంతవరకు వచ్చిన అతి పెద్ద వరద మట్టం కంటే కనీసం ఒకటిన్నర మీటరు, అంటే దాదాపు అయిదడుగులు, ఎత్తున ఉండాలి. గనికి ఈ లెక్క ఉంది. మరి ఒడ్డున కట్టుకునే ఇంటికి? 2022 జులైలో గోదావరి పొంగితే మంచిర్యాలలో ఒడ్డునే కట్టిన మాతా శిశు ఆసుపత్రిలోకి నీళ్లొచ్చాయి. బాలింతలను, పసిగుడ్డులను వేరే ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది.

ఆ జులై మనవాళ్లు మరచిపోరు. 13వ తేదీన కడెం ప్రాజెక్టుకు అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చిపడింది. గేట్లన్నీ ఎత్తినా వదలగలిగేది మూడు లక్షల క్యూసెక్కుల దరిదాపు. ఆపై ఒక గేటు మొరాయించింది. 1958లో, 1995లో తెగిన కట్ట అది. కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అదృష్టవశాత్తు కట్ట నిలిచింది. ఆ నీళ్లే ఎల్లంపల్లి 62 గేట్ల మీదుగా మన ఖని పక్కనుంచి సుందిళ్ల దాటి మంథనికి చేరతాయి.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. మంథనిని ముంచేది గంగ ఒక్కటే కాదు, బొక్కలవాగు కూడా. గంగ నిండుగా ఉన్నప్పుడు వాగు నీరు అందులో కలవలేక వెనక్కి తన్ని ఊరిమీదికి తిరుగుతుంది. మంచిర్యాలలో రాళ్లవాగుదీ అదే వరస. అందుచేత మన ఊళ్లో వాన వెలిసిందని నిశ్చింతగా పడుకోరాదు. పైన కడెంలో, ఎల్లంపల్లిలో గేట్లు ఎత్తారా అన్నదే అసలు కబురు.

ఉప్పెన క్షణాల్లో మీద పడుతుంది. గంగ అలా కాదు, కొన్ని గంటల గడువిస్తుంది. ఆ గడువులోనే పని జరగాలి. ఒడ్డు రైతులు ముందుగా మోటార్లు విప్పి ఎడ్లబండ్ల మీదో ట్రాక్టర్ల మీదో గట్టుకు చేరుస్తారు. పట్టా పాసుపుస్తకం, రేషను కార్డు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వెంట ఉంచుకోవాలి. ఇల్లు వదిలేముందు కరెంటు మెయిను తీయాలి. గొడ్ల తలుగులు విప్పడం మాత్రం మరచిపోకూడదు. విప్పిన గొడ్డు ఈది ఒడ్డు చేరుతుంది, కట్టేసిన గొడ్డు గుంజ దగ్గరే చస్తుంది. అన్నిటికన్నా ముందు, పక్కింట్లో ఒంటరి ముసలమ్మ ఉంటే ఆమెను లేపి తీసుకెళ్లేదెవరో వాన మొదలు కాకముందే వాడకట్టులో అనుకోవాలి. ఆలస్యమైతే ఏమవుతుందో 2022లోనే చెన్నూరు మండలం సోమన్‌పల్లి చూసింది. నీటి ట్యాంకు పైకెక్కి నిలిచిన ఇద్దరిని వాయుసేన హెలికాప్టరు వచ్చి కాపాడవలసి వచ్చింది.

వరద తీశాక పని మరీ ఎక్కువ. ఇళ్లలో మోకాలి లోతు బురద, చేలల్లో ఇసుక మేట, బావిలో మురుగు. ఇసుక ఎత్తడం ఒక్క ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. పదిమంది వంతులు వేసుకుని ఈరోజు నీ చేను, రేపు నా చేను అంటేనే తెమిలేది. నీళ్లు తోడే పంపులు, ప్రమాదంలో చొరబడే నేర్పు గని ప్రాంతానికి కొత్త కాదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్.ఎల్.బి.సి. సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రెస్క్యూ దళాలూ లోపలికి దిగాయి. 2024 సెప్టెంబరులో ఖమ్మం మునిగినప్పుడు సింగరేణి తరఫున ముఖ్యమంత్రి సహాయ నిధికి పది కోట్ల రూపాయలకు పైగా అందింది. అంతదూరం వెళ్లిన చేయి పక్కనున్న పల్లెకూ అందాలని ఒడ్డు ఊళ్లవారు కోరితే తప్పేముంది?

పంచాయతీలు చేయగల పని ఒకటి మిగిలింది, ఖర్చు డబ్బా రంగు మాత్రమే. 2022లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో బడి గోడమీద ఎర్రగీత గీయాలి. కొత్త ఇంటికి ముగ్గు పోసేవారు ముందు ఆ గీత ఎత్తు చూసుకుని పునాది లేపుకుంటారు.