ఉచ్చు పెట్టిన చేతులే గూడు కాయాలి

కొన్నేళ్ళ క్రితం, పత్తి ఏరడం అయిపోయిన రోజుల్లో, మేము గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లా అడవి అంచున ఉన్న ఒక చిన్న సంఘానికి కూటం కోసం వెళ్ళాము. ప్రార్థన ముగిశాక ఒక పెద్దాయన ఇంట భోజనం పెట్టారు. వేడి వేడి జొన్నరొట్టెలు, కౌజు పిట్టల కూర. ఆ తల్లి ఎంతో ప్రేమతో వడ్డించింది. మేము తిన్నాము, బాగుందని మెచ్చుకున్నాము కూడా. ఆ పిట్టలు ఎక్కడివని మాత్రం అడగలేదు. చట్టం తెలిసిన వాళ్ళమై ఉండి అడగకపోవడం మా తప్పే.

మరుసటి ఏడు అదే ఇంటికి వెళ్ళాము. ఈసారి పప్పు, చింతకాయ తొక్కు పెట్టారు. పెద్దాయన కాస్త సిగ్గుపడుతూ, "ఈపారి పిట్ట లేదయ్యగారూ. పిట్టలు పట్టుడు బంద్ చేసిన" అన్నాడు. ఎవరైనా కేసు పెట్టారా అని అడిగాము. కాదన్నాడు. ఆయన చెప్పిన మాట మా మనస్సులో నుండి ఇప్పటికీ పోలేదు. అందుకే ఈ వ్యాసం.

కాలిన గూడు

మన అడవి పల్లెల్లో మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు కాలం. తెల్లవారుజామున రాలిన పువ్వు బాగా కనబడాలని చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెట్టడం చాలా చోట్ల ఉన్న అలవాటు. తునికాకు చిగుళ్ళు బాగా రావాలని పొదలను కాల్చే వారూ ఉన్నారు. చెట్టు కింద పెట్టిన నిప్పు చెట్టు కిందే ఆగదు. గాలి వస్తే గుట్ట ఎక్కుతుంది.

ఆ వేసవిలో అలా కాలిన నేల మీద పెద్దాయన నడిచి వెళ్తుంటే ఒక తుమ్మపొద మొదట్లో కౌజు పెట్ట కనిపించిందట. మంట వచ్చినా గుడ్లు వదిలి లేవలేదు. రెక్కలు చాచినట్టే మాడిపోయి ఉంది. దాని కింద ఏడు గుడ్లు. "నలభై ఏండ్లు ఉచ్చులు పెట్టిన. ఒక్కనాడు ఏడువలే. ఆనాడు ఏడ్చిన. నేను పట్టింది ఒకటో రెండో. నిప్పు ఇంటిల్లిపాదినీ తిన్నది" అన్నాడు.

ఆయనకు చదువు రాదు. కాని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో పక్షిగూటి గురించి ఉన్న ఆజ్ఞ విని ఉన్నాడు. చెట్టు మీదనైనా నేల మీదనైనా గూడు కనబడితే, గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చున్న తల్లిని పిల్లలతో కలిపి పట్టుకోవద్దని, తల్లిని పోనివ్వాలని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. "నేల మీద" అన్న మాట గమనించండి. కౌజు, పూరేడు పిట్ట, అడవికోడి, నెమలి, ఇవన్నీ నేల మీద గుడ్లు పెట్టేవే. తల్లి మిగిలితే వంశం మిగులుతుంది. ఈ చిన్న ఆజ్ఞలో అంత పెద్ద జ్ఞానం ఉంది.

గట్టు పోతే పిట్ట పోతది

ఉచ్చులు మానేస్తే చాలదా అని మేము అడిగాము. ఆయన నవ్వి, "కౌజు చేన్ల ఉండదయ్యగారూ, గట్టు మీద ఉంటది. గట్టు చెక్కేస్తే, గడ్డిమందు కొడితే, ఉచ్చు పెట్టకున్నా పిట్ట పోతది" అన్నాడు.

ఇది అక్షరాలా నిజం. కౌజుకు ఎత్తైన అడవి అవసరం లేదు. ముళ్ళపొద, ఎండిన గడ్డి, కంచె, పడావు భూమి చాలు. పగలు నేల మీద గింజలు, చెదలు, పురుగులు ఏరుకుంటుంది. రాత్రి ముళ్ళచెట్టు ఎక్కి నిద్రపోతుంది. పిల్లలు పుట్టిన తొలి రోజుల్లో వాటికి పురుగులే ముఖ్యమైన ఆహారం. ఒకప్పుడు మన జొన్న, పెసర చేన్ల చుట్టూ వెడల్పు గట్లు, వాటి మీద బోడగడ్డి, రేగుపొదలు ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల పత్తి మొక్క గట్టు అంచు దాకా వచ్చింది. మిగిలిన గడ్డిని మందుతో మాడుస్తున్నాము. పిట్టకు ఇల్లూ లేదు, తిండీ లేదు.

మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట కొన్ని జీవుల వేటకు లైసెన్సు ఇచ్చే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. కౌజు, పూరేడు పిట్టలను పట్టడం, అమ్మడం కూడా నేరమే. ఈ సంగతి ప్రతి కుటుంబానికీ తెలియాలి. అయితే చట్టం వేటగాని చేయి పట్టుకోగలదు గాని, రైతు గట్టు మీద గడ్డిని మిగల్చలేదు. అది మన మనస్సు చేయవలసిన పని.

వేటగాని కన్ను

పిట్ట ఎక్కడ పడుకుంటుందో, ఏ నెలలో గుడ్లు పెడుతుందో, ఏ దారిన నీళ్ళకు దిగుతుందో వేటగానికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కలివికోడి కథ దీనికి సాక్ష్యం. అది నేల మీద పొదల మధ్య తిరిగే అరుదైన పిట్ట. 1900 తరువాత ఎనభై ఏళ్ళకు పైగా ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు స్థానికంగా పిట్టలు పట్టేవారి సాయం కోరారు. 1986 జనవరిలో కడప జిల్లాలో అలాంటి ఒక వేటగాడే రాత్రి వేళ టార్చి వెలుగులో దానిని కనుగొన్నాడు. ఆ పిట్ట కోసమే లంకమల అడవిలో అభయారణ్యం ఏర్పడింది. పుస్తకాలు చదివినవారు వెదకి కనుగొనలేని దానిని ఉచ్చు పట్టిన చేయి చూపించింది.

పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ కూడా బాల్యంలో ఎయిర్‌గన్ పట్టినవాడే. తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేం పిట్ట అని అడగడానికి వెళ్ళడంతో ఆయన జీవితమే మారింది. మన రెండు జిల్లాలు హైదరాబాదు సంస్థానంలో ఉన్న కాలంలో, 1931-32లో, ఆ సంస్థానపు పక్షులను సర్వే చేసినది ఆయనే.

నాగాలాండ్ సహోదరుల పశ్చాత్తాపం

వేట మానడం ఒక మనిషికి సాధ్యమే, ఊరంతటికీ సాధ్యమా అని మీరు అడగవచ్చు. ఈశాన్యాన ఉన్న నాగాలాండ్ వైపు చూడండి. అక్కడ ప్రజలలో ఎక్కువమంది మనవంటి క్రైస్తవులు, ముఖ్యంగా బాప్టిస్టులు. వోఖా జిల్లాలో దోయాంగ్ జలాశయం మీదుగా ప్రతి అక్టోబరులో అమూర్ డేగలు లక్షల్లో వస్తాయి. సైబీరియా, చైనా ప్రాంతాల నుండి బయలుదేరి, అక్కడ ఆగి, మన దేశం మీదుగా, సముద్రం మీదుగా దక్షిణ ఆఫ్రికా దాకా పోయే చిన్న డేగలివి. 2012లో అక్కడ చేపల వలలు చెట్లకు కట్టి, ఒక్క కాలంలోనే లక్షకు పైగా డేగలను మాంసం కోసం పట్టి చంపారని లెక్క కట్టారు. ఆ వార్త లోకమంతా పాకింది.

మరుసటి ఏడు, 2013లో, పంగ్తి, ఆశా, సుంగ్రో గ్రామాల పెద్దలు కూర్చుని వేట నిషేధించారు. సంఘాలలో కాపరులు బోధించారు. పిల్లలకు బడులలో నేర్పారు. వలలు వేసినవారే కావలివారయ్యారు. ఆ కాలంలో అక్కడ డేగల వేట ఆగిపోయింది. ఆ నవంబరులో మూడు డేగలకు చిన్న ఉపగ్రహ యంత్రాలు కట్టి, ఊరి పేరు, జిల్లా పేరు, జాతి పేరు కలిపి పంగ్తి, వోఖా, నాగా అని పేర్లు పెట్టి వదిలారు. నిన్నటి దాకా వండుకున్న పిట్టకు తమ ఊరి పేరే పెట్టుకున్నారు. ఇంతకంటె గొప్ప పశ్చాత్తాపం ఏముంది?

కాని ఒక మాట దాచకూడదు. ఆ డేగల మీదనే ఆ ఊరివారు కొంత డబ్బు చూసేవారు. అది పోయింది. "వేట మానండి" అని చెప్పడం మనకు సులభం. మానినవాని పొయ్యి మీద ఏముంది అని చూడటం మనకు కష్టం. మన సంఘాలు ఈ రెండవ పనిని మరువకూడదు.

అమెరికాలో వేటకు అనుమతి ఉంది. అక్కడ 1934 నుండి బాతుల వేటగాళ్ళు ఒక ప్రత్యేక స్టాంపు కొనాలి. ఆ డబ్బుతో చిత్తడి నేలలు కొని కాపాడుతున్నారు. వేటగాళ్ళే సంఘాలుగా చేరి సెలవు రోజుల్లో పిట్టల కోసం గడ్డి విత్తుతారు, పొదలు నాటుతారు. రేపు వేటాడుకోవడానికే కదా అని మనం అనవచ్చు. నిజమే. అయినా పిట్టను కాపాడటమంటే దాని ఇంటిని కాపాడటమేనని వారు గ్రహించారు. మన చట్టం తుపాకీకి, ఉచ్చుకు చోటివ్వదు. గడ్డి విత్తడానికి మాత్రం ఎవరి లైసెన్సూ అక్కరలేదు.

మన పొరుగునే

మన బెజ్జూరు అడవిలో పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ కొండ చరియలో రాబందులు గూళ్ళు పెట్టిన సంగతి అటవీశాఖ గుర్తించింది. వాటి కాపలాలో చుట్టుపక్కల ఊళ్ళవారికి పని దొరికింది. ఆ గుట్టలు ఎరిగినవారికే ఆ పని చేతనవుతుంది. 1992 తరువాత ఏర్పడిన వన సంరక్షణ సమితులు కూడా, అడవి పక్కన ఉన్నవారే అడవిని కాయగలరన్న నమ్మకంతో వచ్చినవే.

మన పెద్దాయన ఇవేవీ ఎరుగడు. ఆయన చేసింది ఇంతే. తన కింద నలుగురు పడుచువాళ్ళను పోగుచేశాడు. ఇప్పచెట్ల కింద నిప్పు పెట్టకుండా చీపుళ్ళతో ఊడ్చి, పాత చీరలు పరచి పువ్వు ఏరుతున్నారు. పువ్వు మట్టి అంటకుండా శుభ్రంగా వస్తున్నదట. మేకల వెంట పోయినప్పుడు ఎవరో పెట్టిన ఉచ్చులు కనబడితే విప్పి తెస్తారు. "ఉచ్చు ఎక్కడ పెడతరో నాకు ఎరుక గద" అని నవ్వుతాడు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మన ఇళ్ళలో కూడా ఈ పని మొదలుపెట్టవచ్చు. ప్రతి రైతు ఒక్క గట్టునైనా మందు కొట్టకుండా, చెక్కకుండా గడ్డికి వదలండి. ఇప్పపువ్వు కాలం రాకముందే మీ ఊరి కూటంలో నిప్పు గురించి మాట్లాడండి. అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగలు పెట్టవద్దు. అవి పందినే కాదు, పొరుగువాని బిడ్డను కూడా చంపుతాయి. ఆదివారపు బడి పిల్లల చేతిలో గులేరు కనబడితే కొట్టకండి. వారిని వెంట తీసుకుపోయి గూడు చూపించండి. దూరం నుండే చూడమనండి. మీ ఊరిలో పిట్టలు పట్టి బ్రతికే కుటుంబం ఉంటే దూరంగా పెట్టకండి. మేకపిల్ల కొనడానికో, కోళ్ళు పెంచడానికో సంఘం చేయందివ్వాలి. వేటగాడైన ఏశావు ఆకలితో ఇంటికి వచ్చినప్పుడు, తమ్ముడు జ్యేష్ఠత్వం అడిగి గాని కూడు పెట్టలేదు. మన సంఘాలలో అలా జరగకూడదు.

మొన్నటి కూటానికి వెళ్ళినప్పుడు తెల్లవారుజామున పెద్దాయన మమ్మల్ని లేపి చేను గట్టుకు తీసుకుపోయాడు. మాట్లాడవద్దని వేలు చూపాడు. రేగుపొద కింద నుండి కౌజు పెట్ట బయటికి వచ్చింది. దాని వెనుక వరుసగా, బొటనవేలంత పిల్లలు. లెక్కపెట్టాము, ఐదు. ఆయన పెదవులు కదిలాయి. ప్రార్థించాడో, ఆయనా లెక్కపెట్టాడో మేము అడగలేదు. ఇంటికి వచ్చి పప్పు, జొన్నరొట్టె తిన్నాము. ఆ రోజు భోజనం మాకు ఎంతో రుచించింది.