చీనా వాకిట మూడేండ్లు

ఇంట పిల్లవానికి ఆటలమ్మ పోసినప్పుడు మనము పాటించు కట్టుబాట్లు మీకు తెలియనివి కావు. గుమ్మమునకు వేపమండలు కట్టుదుము. పరాయివారిని లోనికి రానీయము. బిడ్డ బట్టలు, పాత్రలు వేరుగా నుంచుదుము. ఆ దినములు ఎంత కష్టముగా గడచినను ఇల్లాలు ఓర్చుకొనును. ఏలయన, తలకు నీళ్లు పోయు దినము దగ్గరలోనే యున్నదని ఆమె యెరుగును. వ్రేళ్లు మడచి లెక్కించుకొనుచునే ఆమె ధైర్యము తెచ్చుకొనును.

చీనా మహాదేశము ఇట్లే తన గుమ్మమునకు మండలు కట్టుకొని మూడేండ్లకు కొంచెము తక్కువగా తలుపులు మూసికొని కూర్చుండెను. ఆ తలుపు వెలుపల నిలిచిన వేలాది పిల్లలలో మా యక్కగారి కుమార్తె యొకతె. ఆమె పడిన పాట్లను, ఆ దేశము విధించిన నియమములను ఇచ్చట వ్రాయుచున్నాము. వైద్యవిద్యకై బిడ్డలను దూరదేశములకు పంపు తల్లులకు ఇది కొంత యుపయోగపడగలదని మా యాశ.

మా యమ్మాయి 2018లో వైద్యము చదువుటకు చీనాకు వెళ్లెను. మన దేశములో ప్రభుత్వ కళాశాలలో చోటు దొరకక, ప్రైవేటు కళాశాలల రుసుము చెల్లింపలేక, ఆ దారి పట్టిన తెలుగు బిడ్డలు పెక్కుమంది కలరు. 2020 నాటికి చీనా విశ్వవిద్యాలయములలో పేరు నమోదైన భారతీయ విద్యార్థులు సుమారు 23,000 మంది. వారిలో అధికసంఖ్యాకులు వైద్యవిద్యార్థులే. మా బావగారు రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టి అమ్మాయిని పంపిరి.

2020 జనవరిలో, చీనావారి నూతన సంవత్సరపు సెలవులకు, అమ్మాయి ఇల్లు చేరెను. రెండు జతల బట్టలతో వచ్చినది. పుస్తకములన్నియు అచ్చటి వసతిగృహమునందే యున్నవి. ఆమె వచ్చిన కొన్ని దినములకే, జనవరి 23వ తేదీన, వూహాన్ నగరమును దిగ్బంధించిరి. ఆ దిగ్బంధము 76 దినములు సాగెను. మార్చి 28 నుండి, వీసా యున్నను, నివాసానుమతి యున్నను, విదేశీయు లెవ్వరును రాగూడదని చీనా ప్రభుత్వము శాసించెను. మరుసటి దినము నుండి ఒక్కొక్క విమానసంస్థ ఒక్కొక్క దేశమునకు వారమునకు ఒక్క విమానమే నడుపవలెనని నియమించిరి. జూన్ మాసములో మరియొక నిబంధన చేర్చిరి. ఒక విమానములో వచ్చిన ప్రయాణికులలో అయిదుగురికి వ్యాధి యున్నట్లు తేలినచో ఆ విమానము ఒక వారము ఆగవలెను. పదిమందికి తేలినచో నాలుగు వారములు ఆగవలెను. అనగా, ఈ వారము ప్రయాణించినవాని జబ్బునకు ఫలము వచ్చు వారము పయనము కట్టుకొని కూర్చున్న అపరిచితుడు అనుభవించుచుండెను.

ఎల్లలు మూసికొనుట చీనాకు క్రొత్త కాదు. ఏడవ శతాబ్దమున హ్యూయన్ త్సాంగు మన దేశమునకు బయలుదేరినప్పుడు, ప్రజలు దేశము విడిచి పోరాదని రాజాజ్ఞ యుండెను. ఆ మహాత్ముడు రాత్రివేళల నడచి, కావలి బురుజుల కన్నుగప్పి, ఎడారి దాటి వచ్చెను. మన ధాన్యకటకమునందును కొన్ని నెలలు నిలిచి శాస్త్రము చదివెను. 645వ సంవత్సరమున తిరిగి పోయినప్పుడు ఆ చక్రవర్తియే ఆయనను గౌరవించెను. కాని యీ కాలపు విద్యార్థినికి కన్నుగప్పి పోవు దారి యెక్కడిది? ఆమె చేయదగినదెల్ల వేచియుండుటయే.

వేచియుండుట యనిన నేమో మేము ఆ రెండున్నర యేండ్లకు పైగా మా కన్నులతో చూచితిమి. చీనా గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు ముందు నడచును. అచ్చట ఎనిమిది గంటలకు పాఠము మొదలైనచో ఇచ్చట తెల్లవారుజామున అయిదున్నర. మా యక్క నాలుగున్నరకే లేచి, పొయ్యి వెలిగించి, కాఫీ కాచి యిచ్చుచుండెడిది. అమ్మాయి సెల్‌ఫోను ముందు కూర్చుండి శరీరశాస్త్రము వినుచుండెను. సంకేతము సరిగా అందక గురువుగారి మాట నడుమ తెగిపోవుచుండెను. రోగి చేయి పట్టి నాడి చూడవలసిన చదువు చేతిలోని అద్దములో చూచి నేర్చుకొనుచుండెను. కేవలము ఈ రీతిని చదివిన వైద్యవిద్యను గుర్తింపజాలమని మన జాతీయ వైద్య కమిషన్ వారు 2022 ఫిబ్రవరిలో ప్రకటించిరి. ఆ దినము మా యక్క యింట ఎవ్వరును భోజనము చేయలేదు.

ఇంతలో ఒక సంబంధము వచ్చెను. పిల్లవాడు ఉద్యోగస్థుడు, యోగ్యుడు. బంధువులందరు ఒక్కమాటగా, "ఆ తలుపు ఎప్పుడు తెరచెదరో ఎవరికెరుక? ఆడపిల్ల వయస్సు ఆగునా? పెండ్లి చేసివేయుడు" అనిరి. అదే వీధిలో ఆమె వలెనే చదువు నడుమ చిక్కుకొన్న బాలుడొకడు గలడు. వానిని చూచి, "కొంతకాలము ఓపిక పట్టుము నాయనా" అనిరేగాని, చదువు మానుమని ఒక్కరును అనలేదు. ఒకే శాసనము ఇద్దరికిని అడ్డు నిలిచెను. కాని బాలునికి అది ఆలస్యము మాత్రమే. బాలికకు అది చదువునకే ముగింపు కాబోయెను.

ఒకనాటి రాత్రి అమ్మాయి మా యొడిలో తల పెట్టుకొని, "పిన్నీ, రెండేండ్లని చెప్పిన రెండేండ్లు కూర్చుందును. అయిదేండ్లని చెప్పిన అయిదేండ్లు కూర్చుందును. ఎన్నాళ్లో చెప్పకున్న నేను అమ్మకు ఏమని బదులు చెప్పను?" అనెను. ఆ మాట మా గుండెలో నాటుకొనెను. శ్రీరామునికి పదునాలుగేండ్లని గడువు పెట్టిరి గనుకనే భరతుడు పాదుకలు ముందిడుకొని దినములు లెక్కింపగలిగెను. పాండవులకు పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేడు అజ్ఞాతవాసము అని లెక్క యుండెను. గడువు గల కష్టమును మనుష్యుడు వ్రతమువలె గడపగలడు. గడువు లేని కష్టము మనుష్యుని లోలోపలనే తినివేయును.

మా బావగారికి ఈ మాట చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "చీనావారు గడువు చెప్పకున్న నేను చెప్పెదను. 2023 ఉగాది వరకు పెండ్లి మాట యెత్తము" అనిరి. ఆ రాత్రి అమ్మాయి చాలకాలమునకు హాయిగా నిదురించినది.

ఉగాదికి ముందే తలుపు కదలెను. 2022 ఆగస్టు మాసమున భారతీయ విద్యార్థులకు మరల వీసాలు ఇచ్చెదమని చీనావారు ప్రకటించిరి. అప్పటికి విదేశములనుండి వచ్చువారిని ఏకాంతమున నుంచు కాలమును కూడ తగ్గించియుండిరి. మొదట పదునాలుగు దినములు గదిలో నుంచి, పిమ్మట పెక్కు నగరములలో మరియొక వారమో అంతకెక్కువో కనిపెట్టుచుండెడివారు. 2022 జూన్ చివర ఏడు దినములు గదిలోను, మూడు దినములు నివాసములోను అని మార్చిరి.

అక్టోబరులో అమ్మాయి బయలుదేరెను. మన దేశమునుండి నేరుగా పోవు విమానములు లేకుండుటచే మూడవ దేశము మీదుగా పోవలసివచ్చెను. టిక్కెట్టు వెల మునుపటికి ఎన్నో రెట్లు. విమానమెక్కుటకు ముందు 48 గంటలలో రెండు పరీక్షలు చేయించుకొని, రెండింటను వ్యాధి లేదని తేలవలెను. ఆ రెండు దినములు మేము ఆమెను వీధి గడప దాటనీయలేదు. పెట్టెలో కందిపొడి, ఆవకాయ, చింతకాయ పచ్చడి సర్దితిమి. మా యమ్మగారు కాచిన నేతి డబ్బా మాత్రము వెనుకకు తీయవలసివచ్చెను; పాలతో చేసిన పదార్థములను ఆ దేశమునకు కొనిపోరాదట. అమ్మగారు ఆ డబ్బాను దేవుని గదిలో దాచిరి.

గ్వాంగ్‌జౌ విమానాశ్రయమున దిగినది మొదలు తలనుండి పాదముల వరకు తెల్లని రక్షణవస్త్రములు ధరించినవారు తప్ప మనుష్యముఖము కానరాలేదని అమ్మాయి చెప్పెను. చీనా ప్రజలు వారిని "పెద్ద తెల్లవారు" అని పిలిచెడివారు. అచ్చటినుండి బస్సులో నొక వసతిగృహమునకు కొనిపోయిరి. గదిలోనికి పోయిన పిమ్మట గడప దాటరాదు. వాకిట నొక చిన్న బల్ల యుండెను. మూడుపూటల భోజనము దానిపై పెట్టి, తలుపు తట్టి, వారు వెడలిపోవుదురు. వారి అడుగుల చప్పుడు ఆగిన పిమ్మట తలుపు తీసి తెచ్చుకొనవలెను. రోజూ జ్వరము చూచుకొని ఫోనులో తెలుపవలెను. మొదటి, రెండవ, మూడవ, అయిదవ, ఏడవ దినములలో పరీక్ష చేయుదురు. ఖర్చంతయు ప్రయాణికులదే. మాంసము కలియని కూర దొరకుట కష్టమై, ఆమె మూడుదినములు తెల్లయన్నములో కందిపొడి కలుపుకొని తినెను.

"బెంగగా నున్నదా తల్లీ?" అని మా యక్క ఫోనులో నడిగెను. "లేదమ్మా, ఇంక నాలుగు రోజులే" అని అమ్మాయి నవ్వినది. ఇంటిలో స్వేచ్ఛగా తిరుగుచున్నప్పుడు లేని నవ్వు, తాళము వేసినట్టి గదిలో ఆమె ముఖమున కనబడెను. ఎనిమిదవనాడు ఆ గది వెడలి, రైలులో తన విశ్వవిద్యాలయము చేరి, తక్కిన మూడు దినములు అచ్చట గడపెను. 2020లో విడిచిపోయిన పుస్తకములపై వ్రేలితో వ్రాయదగినంత దుమ్ము పట్టియుండెనట.

ఈ కట్టడులన్నియు నిరర్థకములని మేము చెప్పము. 1910-11లో మంచూరియాయందు భయంకరమైన ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి సుమారు 60,000 మంది చనిపోయినప్పుడు, పెనాంగులో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్ తే అను వైద్యుడు నూలుగుడ్డ ముసుగులు ధరింపజేసి, రోగులతో మెలగినవారిని రైలుపెట్టెలలో వేరుగా నుంచి ఆ జాడ్యము నణచెను. వేరుగా నుంచుట ప్రాణములు కాపాడు ననుట నిజమే. కాని కట్టడి తానే ప్రాణాపాయమైన దినములును వచ్చినవి. 2022 సెప్టెంబరులో గుయ్‌జౌ రాష్ట్రమున జనులను ఏకాంతవాసమునకు కొనిపోవు బస్సు రాత్రివేళ బోల్తాపడి 27 మంది మరణించిరి. నవంబరులో ఉరుంచీ నగరమున నొక భవనము కాలి పదిమంది చనిపోగా, అనేక నగరములలో యువజనులు తెల్లకాగితములు చేతబట్టి వీథులలో నిలిచిరి. డిసెంబరు 7న కట్టడులు సడలెను. 2023 జనవరి 8న విదేశములనుండి వచ్చువారికి ఏకాంతవాసము రద్దయ్యెను. మూడేండ్లు మూసిన తలుపు ఒక్క మాసములో తెరువగా, టీకాలు పూర్తిగా వేయించుకొనని వృద్ధులు పెక్కుమంది ఆ యలలో చిక్కుకొనిరి. డిసెంబరు 8 మొదలు జనవరి 12 వరకు ఆసుపత్రులలో సుమారు 60,000 మంది చనిపోయిరని ఆ ప్రభుత్వమే ప్రకటించెను. తలుపు మూయుటకే కాక తెరచుటకును సిద్ధపడవలెనని దీనివలన తెలియుచున్నది.

తలుపు మూసినవారు చీనావారు మాత్రమే కారు. మన ప్రభుత్వమును 2022లో చీనా యాత్రికుల వీసాలను నిలిపి, 2025 జూలైలో గాని మరల ఈయలేదు. ఉభయదేశముల నడుమ నేరుగా పోవు విమానములు 2025 అక్టోబరులో, కలకత్తానుండి గ్వాంగ్‌జౌకు, తిరిగి మొదలైనవి.

మా యమ్మాయి 2024లో చదువు ముగించి, విదేశములలో చదివిన వైద్యులకు మన దేశమున పెట్టు పరీక్ష రెండవసారి వ్రాసి యుత్తీర్ణురాలయ్యెను. ఇప్పుడు మన జిల్లాలోనే ఒక ఆసుపత్రియందు శిక్షణ పొందుచున్నది. తాకట్టు ఇంకను తీరలేదు. పెండ్లి మాట ఆమెయే చెప్పునని అందరు ఊరకున్నారు. ఆసుపత్రిలో అంటువ్యాధిగల రోగిని వేరుగదిలో నుంచునప్పుడు, ఆమె ముందుగా మంచము ప్రక్కన కూర్చుండి, "అమ్మా, అయిదు రోజులు. ఆరవనాడు మీవారిని చూడవచ్చును" అని చెప్పునట. ఆ పిమ్మటనే మందు మాట యెత్తునట.

సోదరీమణులారా, మన యిండ్లలోను ఎన్నియో కట్టడులు గలవు. కొన్ని అవసరములే. బిడ్డను గాని, కోడలిని గాని, రోగిని గాని "ఇప్పుడు వద్దు" అనవలసివచ్చినప్పుడు, ఎప్పటివరకో కూడ చెప్పుదము. ఆ యొక్క మాట మన నోట లేకున్న, మన గుమ్మమును వారికి ఆ మూడేండ్ల చీనా వాకిలియే యగును.