కుక్క గోకుకొంటే ఏమి చూడాలి?

బ్రూక్‌ఫీల్డ్‌లో మన తెలుగు కుటుంబాలు పాతకాపులైపోయినవి. పిల్లలతోపాటు కుక్కలు కూడా యిక్కడే పెరుగుతున్నవి. అయితే కుక్క వొంటిమీద వెంట్రుకలు రాలటం కనిపించగానే మనలో కొందరు రెండు పనులు చేస్తుంటారు. ఒకటి, ఎవరో చెప్పారని బండిలో నుంచి తీసిన పాత ఇంజను నూనె పూయటం. రెండవది, "గజ్జి కుక్క" అని దానిని గేటు బయటికి నెట్టటం. రెండూ తగవు. పూసిన నూనెను కుక్క నాకుతుంది. ఆ విషం కడుపులోకి పోతుంది. గేటు దాటిన కుక్కకు వైద్యమే వుండదు.

మేము చెప్పదలచినది ఒక్కటే. గోకుకోవటం జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. ఎక్కడ గోకుతున్నదో చూస్తే చాలా సంగతి తెలుస్తుంది.

తోక మొదట్లోనూ, నడుము మీదా కొరుక్కొంటుంటే ఫ్లీ అనే గెంతే పురుగు కావచ్చు. సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని పొడిని తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా మారితే అది పురుగు విసర్జించిన రక్తమే.

చెవుల అంచులు, మోచేతులు పొట్టు కట్టి, రాత్రింబవళ్ళు గోకుతుంటే గజ్జి అనుకోవచ్చు. యిది తక్కిన కుక్కలకు పాకుతుంది. ఎత్తుకొన్నవారికి కూడా దద్దుర్లు, దురద రావచ్చు.

కుక్కపిల్లకు కంటి చుట్టూ, మూతిమీద, ముందుకాళ్ళ మీద వెంట్రుకలు రాలి, దురద అంతగా లేకపోతే డెమోడెక్స్ అనే మరొక పురుగు కావచ్చు. యిది మనుషులకు అంటదు. కనుక భయపడి ఆ పిల్లను వెళ్ళగొట్టటం అన్యాయం.

గుండ్రంగా వెంట్రుకలు వూడిన మచ్చ తామర కావచ్చు. యిది బూజు జాతిది. పిల్లలకు సులభంగా అంటుతుంది. మచ్చ ముట్టుకొంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

వేళ్ళ సందులలో, చెవులలో పిడుదులు వున్నవేమో కూడా వెదకండి. పిడుదులు పట్టిన కుక్క తిండి మాని, జ్వరంతో పడుకొని, చిగుళ్ళు పాలిపోతే, అది చర్మం మాట దాటి రక్తానికి పాకిన జబ్బు కావచ్చు. ఆ రోజే డాక్టరుకు చూపాలి.

యివన్నీ అనుమానించటానికి మాత్రమే. ఒకదాన్ని చూసి మరొకటనుకోవటం సులభం. డాక్టరు చర్మాన్ని కొంచెం గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే గజ్జి పురుగో, డెమోడెక్సో తరచుగా అక్కడే తెలిసిపోతుంది. తామరకు వేరే పరీక్షలు వున్నవి. హెబ్బాళలో 1958 నుంచి పశువైద్య కళాశాల వున్న నగరం మనది; వైద్యానికి కొరత లేదు. వెళ్ళేటప్పుడు దురద ఎన్నాళ్ళ నుంచి వున్నది, తిండి ఏమైనా మారిందా, యింట్లో మరెవరికైనా దురద వున్నదా అన్నవి చెప్పండి. మన మందుల డబ్బాలోని లేపనం ముందుగా పూసి తీసుకుపోతే అసలు గుర్తులు మరుగుపడతవి.

వారానికొకసారి, పది నిమిషాలు, చెవుల నుంచి తోకదాకా కుక్కను చేత్తో తడిమి చూడండి. మచ్చ రూపాయి బిళ్ళంత వున్నప్పుడే కనిపిస్తే వైద్యం తేలిక, ఖర్చు తక్కువ. మూగజీవం తన బాధను గోకుకొని మాత్రమే చెప్పుకోగలదు. దానిని విని అర్థం చేసుకోవటం మన పని.