చుక్క పడిన చోటు, కారిన చోటు

సంగం ప్రాంతపు రైతులకు చెరువు కట్టల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కట్టకు బుంగ పడి వెలుపలి వైపున తడి కనబడినప్పుడు, అనుభవము గల రైతు ఆ తడి మీద మట్టి కొట్టి ఊరకుండడు. లోపలి వైపునకు పోయి, నీరు సుడి తిరుగుచున్న చోటు వెదకును. నీరు దూరిన చోటు ఒకటి, పైకి వచ్చిన చోటు మరియొకటి. పాత డీజెలు కారు క్రింద ఆయిలు కారుచున్నప్పుడును ఇదే చిక్కు.

నెల్లూరు నుండి సంగం మీదుగా ఆత్మకూరు పోవు రోడ్డు మీదనేమి, మరెక్కడనేమి, ఒకప్పుడు అద్దె కారనగా అంబాసిడరే. దాని తయారీ 2014లో ఆగిపోయినను, జాగ్రత్తగా చూచుకొన్న డీజెలు బండ్లు ఇంకను తిరుగుచున్నవి. అటువంటి బండిని రాత్రి నిలిపిన చోట తెల్లవారేసరికి నల్లని మరక కనబడినదనుకొనవచ్చును. మరక సరిగా ఇంజనుకు, గేరుబాక్సుకు నడుమ క్రింద నున్నది. క్రాంకు షాఫ్టు వెనుక కొస నుండియే కారుచున్నదని తలచి గేరుబాక్సు దించుదురు. ఆ కూలి తక్కువది కాదు. తీరా అంతయు బిగించిన తరువాత చుక్కలు మరల పడును! కారినది పైనున్న వాల్వు మూత ప్యాకింగు. అది కొద్ది డబ్బులతో పోవు పని.

ఇట్లేల జరుగును? బయటపడిన ఆయిలు ఇంజను గోడ వెంబడి క్రిందికి జారును. ముందున్న ఫ్యాను గాలి దానిని వెనుకకు తోలును. దారిలోని ప్రతి బోల్టు తల, ప్రతి అంచు దానిని ప్రక్కకు మళ్లించును. చివరకు అన్నిటికంటె పల్లమైన చోట చుక్క కట్టును. కావున చుక్కను గాక, తడిసిన భాగములలో అన్నిటికంటె పైన, అన్నిటికంటె ముందు ఉన్న దానిని వెదకవలెను.

పాత జిడ్డు ఉండగా ఈ వెదకులాట సాగదు. ఇంజను చల్లారిన తరువాత దానిని శుభ్రముగా కడిగి, ఆరనిచ్చి, అనుమానమున్న అతుకుల మీద ముఖమునకు రాచుకొను పౌడరు పలుచగా చల్లుదురు. తరువాత బండిని కొంతదూరము నడుపుదురు. ఊరక నిలిపి ఆడించిన చాలదు. ఏలయన వేడెక్కిన కొలది ఆయిలు పలుచబడి, చల్లగా నున్నప్పుడు దూరలేని సందులో కూడ దూరును. తెల్లని పౌడరు మీద మొదటి నల్లని గీత ఎచ్చట కనబడునో అచ్చటనే దోషము. ఆయిలులో ఒక విధమైన రంగు కలిపి, అతినీలలోహిత దీపపు వెలుతురులో చూచు పద్ధతియు కలదు. కారిన దారి పసుపుపచ్చగా మెరయును.

ఒక్క చుక్కకు ఇంత శ్రమ ఎందుకందురేమో. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. నిమిషమునకు ఒక చుక్క చొప్పున దినమంతయు కారినచో 1,440 చుక్కలు, అనగా 72 మిల్లీలీటర్లు. నాలుగు వారములలో రెండు లీటర్లు దాటును. ఇంజను అడుగు చాంబరులో పట్టునది నాలుగు లీటర్లైనచో సగము పోయినట్లే. బేరింగులను కాపాడునది మిల్లీమీటరులో కొద్ది నూరవ వంతుల మందము గల ఆయిలు పొర మాత్రమే. అది తెగినచో లోహము లోహమునకు రాచుకొని, ఇంజను పట్టివేయును.

ఇక ఒక్కొక్కప్పుడు క్రొత్త ప్యాకింగు వేసినను కారుట మానదు. డీజెలు ఇంజనులో గాలిని ఇరువది రెట్ల వరకు నొక్కుదురు. పాత పెట్రోలు ఇంజనులో ఇది ఎనిమిది, తొమ్మిది రెట్లే. పిస్టను రింగులు అరిగినచో ఆ ఒత్తిడి గల వాయువు కొంత క్రిందికి జారి, చాంబరును నింపును. అది పోవుటకే బ్రీదరు గొట్టమున్నది. గొట్టము మడ్డితో మూసికొన్నచో వాయువు ఆయిలును బాగున్న అతుకుల గుండ కూడ బయటికి నెట్టును. అందుచే ప్యాకింగు మార్చుటకు ముందే బ్రీదరును శుభ్రపరచి, ఇంజను మెల్లగా ఆడుచుండగా ఆయిలు పోయు మూతను జాగ్రత్తగా తీసి చూడవలెను. కొద్ది ఆవిరి సహజమే. పొగ ఉబికి ఉబికి చిమ్ముచున్నచో లోపము ప్యాకింగులది కాదు, రింగులను విప్పి చూడవలసినదే.