ఇంటి కొట్టములో పందెపు కారు

పందెపు కారు పేరు విన్నతోడనే మన పాఠకురాండ్రలో ననేకులు ఈ పుటను త్రిప్పివేయుదురేమో యని మాకు సందేహము కలదు. ఇనుము, రంపము, నిప్పురవ్వలు, నూనె మరకలు, ఇవి యన్నియు పురుషుల వ్యవహారములనియు, గృహిణికి వానితో బనిలేదనియు మనలో నొక తలంపు పాతుకొనియున్నది. కాని యీ పని జరుగునది ఇంటి వెనుక కొట్టములో. దానికి వ్యయమగునది ఇంటి ధనము. ఆ బండి నెక్కి వేగముగా బోవువాడు ఇంటివాడు. కావున దీని మంచిచెడ్డలను గృహిణి తెలిసికొనుట యావశ్యకమని మేము తలంచుచున్నాము.

ఇంగ్లండు దేశములో నిట్టి పనికి బేరొందినవాడు కాలిన్ చాప్‌మన్. ఆయన లండనులో ఇంజనీరింగు విద్య నభ్యసించిన దినములలో, 1948వ సంవత్సరమున, ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి పోటీలకు దగినట్లు మరల గట్టెను. ఆ పని జరిగినది, తరువాత నాయన భార్యయైన హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల యింటి వెనుకనున్న గరాజులో. ఆమె చూచుచు గూర్చుండక పనిలో పాలుపంచుకొనెను. 1952 జనవరి 1వ తేదీన లోటస్ ఇంజనీరింగు కంపెనీ నెలకొల్పబడినప్పుడు అక్కరకు వచ్చినది ఆమె యిచ్చిన 25 పౌండ్ల యప్పు. 1954లో వారి వివాహమాయెను. ఆ సంస్థ జట్టు 1963 మొదలు 1978 వరకు ఏడు పర్యాయములు ప్రపంచ కార్ల నిర్మాతల బిరుదమును గెలిచెను. చాప్‌మన్ 1982లోను, హేజెల్ 2021లోను కాలధర్మము నొందిరి.

ఇంతకును కొట్టములో వీరు చేయునదేమి? మన యెద్దుబండిని దలచుకొందము. దాని రెండు చక్రములును ఒకే యిరుసునకు దగిలియుండును. ఒక చక్రము రాతిపై నెక్కినచో బండి యంతయు నొరగును. కారులో చక్రమునకును చట్రమునకును నడుమ స్ప్రింగు లుండును. స్ప్రింగు బరువును మోయును గాని, చక్రము ఏ దారిని పైకి లేవవలెను, ఏ దారిని క్రిందికి దిగవలెను అను దానిని నిర్ణయింపజాలదు. ఆ దారిని నిర్ణయించునవి లింకులనబడు కడ్డీలు. ఉయ్యాలను గొలుసు లెట్లు తమ హద్దులో నూపునో, చక్రము నీ లింకు లట్లు తమ హద్దులో నూపును. లింకు పొడుగు కొంచెము మారినను చక్రము నిలుచు తీరు మారును. తీరు మారినచో మలుపులో టైరు నేలను బట్టుకొను శక్తి మారును. పందెమున గెలుపోటములు పెక్కుమారులు ఇచ్చటనే యున్నవి.

ప్రారంభదశలో చాప్‌మన్ వద్ద ధనము తక్కువ. అందుచే లోటస్ ఆరవ నమూనాకు ఫోర్డు కారు ముందరి యిరుసును నడుమకు గోసి, ఆ రెండు తునకలను చట్రము మధ్యమున గీలు వేసి తగిలించెను. దానితో నొక చక్రపు కుదుపు రెండవ చక్రమునకు సోకుట తగ్గెను. పాతవస్తువును గోసి క్రొత్త పని చేయించుకొనుట పొదుపెరిగిన గృహిణులకు క్రొత్తగాదు. పెద్ద చీరనుండి పిల్లల పావడా కుట్టునట్టిదే యిది. 1957లో నాయన మరియొక యుపాయము పన్నెను. వెనుక చక్రమును ద్రిప్పు కడ్డీనే లింకుగా గూడ వాడి, వేరొక కడ్డీ బరువును దప్పించెను.

ఆరవ నమూనాను, 1957లో వచ్చిన సెవెన్ నమూనాను జనులు భాగములుగా గొని యింటివద్ద కూర్చుకొనిరి. పూర్తి కారునకు విధించిన కొనుగోలు పన్ను విడి భాగములకు లేకుండుటయే దానికి గారణము. పిమ్మట 1996లో రాన్ చాంపియన్ అను నుపాధ్యాయుడు, 250 పౌండ్ల స్వల్పవ్యయముతో నట్టి కారును స్వయముగా నిర్మించుకొను విధమును దెలుపు నొక పుస్తకము ప్రచురించెను. ఫోర్డు ఎస్కార్టు వంటి పాత కారొకటి కొని, యంత్రమును వెనుక యిరుసును దానినుండి తీసికొని, చట్రమును ముందరి లింకులను ఉక్కు గొట్టములతో నింటనే యతుకుకొనవలెను. అట్టి కార్లకు ప్రత్యేకముగా పందెములు గూడ నేర్పడినవి.

ముందరి లింకు రెండు గొట్టములు ఒకచోట గలిసిన గవ్వకఱ్ఱ పంగవలె నుండును. మొదట దృఢమైన పలకపై కొలతల ప్రకారము బోల్టులు నిలిపి, గొట్టములను వానికి బిగింతురు. ఇది యచ్చువంటిది. అచ్చు లేక చేసినచో కుడి యెడమ లింకులు జతకుదరవు. గొట్టపు కొన రెండవదానిపై సందులేక కూర్చుండునట్లు ఆకురాయితో నరగదీయుదురు. పిదప నక్కడక్కడ చుక్కలవలె వెల్డింగు చేసి, కొలత చూచి, తరువాతనే పూర్తిగా నతుకుదురు. వేడికి ఉక్కు లాగుకొనిపోవును గనుక, చల్లారువరకు లింకును అచ్చునుండి తీయరాదు. తొందరపడి నీళ్లు చల్లరాదు. రబ్బరు బుష్షులను వెల్డింగు ముగిసిన పిమ్మటనే దూర్పవలెను. తిన్నని లింకుల కైనచో ఒక కొనకు కుడి మర, రెండవ కొనకు ఎడమ మర వేయుదురు. అప్పుడు కడ్డీని విప్పకయే నడుమ పట్టుకొని త్రిప్పినచో పొడుగు హెచ్చును, తగ్గును. చట్రమునకు దగిలించునపుడు బోల్టు ఒకే చెవినుండి వ్రేలాడక, రెండు చెవుల నడుమ నుండవలెను.

ఈ పనిలో ముఖ్యమైన సంగతి యొకటి కలదు. కుండను వ్రేలితో గొట్టి, శబ్దము విని కొనుట మన కలవాటు. వెల్డింగు అతుకును అట్లు పరీక్షింప వీలుగాదు. పైకి నున్నగా నున్న యతుకు లోపల బట్టుకొనక పోవచ్చును. 1960 జూనులో, బెల్జియములోని స్పా పందెపు బాటలో సాధన చేయుచుండగా, స్టర్లింగ్ మాస్ నడపుచున్న లోటస్ కారు వెనుక చక్ర మూడిపోయెను. ఆయన రెండు కాళ్లును విరిగెను. అది పేరుమోసిన సంస్థ చేసిన కారు! ఇంట జేసిన లింకునకు మరెంత జాగ్రత్త కావలెనో యోచింపుడు. ఎఱ్ఱని రంగునూనెను అతుకుపై బూసి, తుడిచి, తెల్లని పొడి చల్లినచో, పైకి దెరచుకొన్న సన్నని పగులు ఎఱ్ఱగీతగా బయటపడును. ఈ పరీక్ష యింటనే చేయవచ్చును. కాని లోపలి లోపమును ఇది చూపదు. కావున చేయి తిరుగనివారు గొట్టములను గోసి యమర్చుకొని, అతుకుటను మాత్రము నిపుణుడైన వెల్డరు కప్పగించుట వివేకము. ఆ కూలికి వెనుదీయుట పొదుపు గాదు.

ఇంటివారు గమనింపవలసినవి మరికొన్ని. వెల్డింగు వెలుగును వట్టికన్నులతో జూచినచో, కొన్ని గంటలకు కన్నులలో నిసుక పోసినట్లు మంట పుట్టును. పిల్లలను దరికి రానీయరాదు. జస్తాపూత గల యినుమును అతికినచో వచ్చు పొగ జ్వరమును దెచ్చును. క్లోరిను గల ద్రావకముతో దుడిచిన లోహముపై వెల్డింగు చేసినచో ఫాస్జీను అను విషవాయువు పుట్టవచ్చును. మొదటి ప్రపంచయుద్ధములో సైనికులను జంపినది ఈ వాయువే. కొట్టమున గాలి యాడవలెను. గుడ్డపేలికలు, పెట్రోలు దూరముగా నుండవలెను. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. పని ముగిసిన పిమ్మట నొక గంటసేపు కనిపెట్టియుండి, నిప్పురవ్వ యెక్కడను రాజుకొనలేదని చూచి తలుపు వేయవలెను.

ఇట్టి పని వలదని మేము చెప్పబోము. చేతులార నొక వస్తువు జేసి, దానిని నమ్మి కూర్చుండుటలోని యానందము వంట యెరిగిన వారికి, కుట్టు నేర్చిన వారికి తెలియనిది గాదు. ఇంటి సొమ్ము కొట్టములోనికి బోవునపుడు, దానితోపాటు గృహిణి ప్రశ్నయు బోవలెననుటయే మా మనవి. అతుకు పరీక్షించితిరా? బోల్టు బిగువు చూచితిరా? పందెమునుండి తిరిగివచ్చిన పిమ్మట లింకులను మరల విప్పి పరికించితిరా? ఈ మూడు ప్రశ్నల నడుగుటకు ఇంజనీరింగు పట్టము అక్కరలేదు. వీనికి సమాధానము దొరకువరకు కారు కొట్టము దాటరాదని పట్టుబట్టు అధికారము ఆ యింటి స్త్రీకి సంపూర్ణముగా గలదు.