చేవెళ్ల నుంచి చికాగోకు ఒక దుపట్టా: పార్సిల్ ఖర్చు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది?

ఇంట్లోనే మగ్గం వర్క్ చేసుకుంటూ, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్ముకునే వాళ్లకు మొదటి విదేశీ ఆర్డర్ చాలాసార్లు చుట్టాల ద్వారానే వస్తుంది. జెద్దాలో ఉన్న ఖాలా, చికాగోలో ఉన్న మరిది, వాళ్ల పక్కింటి వాళ్లు. మొయినాబాద్, చేవెళ్ల వైపు గల్ఫ్‌లోనో అమెరికాలోనో మనిషి ఉన్న ఇళ్లకు కొదవ లేదు. దుపట్టా నచ్చుతుంది, ధర కుదురుతుంది. బేరం ఆగిపోయేది "పంపడానికి ఎంతవుతుంది?" అన్న దగ్గర. 1,800 రూపాయల దుపట్టాకు పార్సిల్ ఖర్చు అంతకంటే ఎక్కువ చెబితే ఎవరు మాత్రం కొంటారు?

ఖర్చు ఎక్కువ కావడానికి దూరం ఒక్కటే కారణం కాదు. డబ్బా సైజు, రాసిన కాగితం, అవతలి దేశంలో సుంకం ఎవరు కడతారన్న సంగతి, ఈ మూడింటి దగ్గరే చిన్న వ్యాపారి డబ్బు పోతుంది. మూడూ పార్సిల్ కౌంటర్‌కు చేరకముందే తేలిపోయే విషయాలు.

ముందు డబ్బా సంగతి. ప్రైవేటు అంతర్జాతీయ కొరియర్లు త్రాసు చూపించే తూకం ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. ఆ వచ్చిన అంకె, అసలు బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మూడు డ్రెస్సులు కలిపి కిలోన్నర ఉన్నాయనుకోండి. చేతికి దొరికిన 40×30×20 డబ్బాలో పెడితే లెక్క 24,000 భాగించు 5,000, అంటే 4.8 కిలోలు. కిలోన్నర బట్టలకు దాదాపు ఐదు కిలోల ఛార్జీ! మిగిలినదంతా గాలికి కట్టిన కిరాయి. ఒకే డ్రెస్‌ను సరిగ్గా మడిచి, నీళ్లు తగలని కవర్‌లో 35×25×5 కొలతకు తెస్తే లెక్క కిలో లోపే, 0.875 దగ్గర ఆగుతుంది. జర్దోసీ పని నలిగిపోతుందని భయం ఉంటే లోపల పల్చటి కాగితం వేసి చుట్టండి, డబ్బా మాత్రం పెంచకండి. లక్క గాజులకు ఈ సలహా పనికిరాదు. వాటికి గట్టి డబ్బా తప్పదు, అందులోనూ చిన్నది.

పోస్టాఫీసు దారి వేరు. తపాలా శాఖలో చిన్న అమ్మకందారులకు ముఖ్యంగా ఉపయోగపడే సేవ ఇంటర్నేషనల్ ట్రాక్డ్ ప్యాకెట్ సర్వీస్. మొదట్లో 2 కిలోల లోపు ప్యాకెట్ల కోసం తెచ్చారు. ఛార్జీ 50 గ్రాముల మెట్లతో పెరుగుతుంది, ట్రాకింగ్ నంబరు వస్తుంది. అంతర్జాతీయ స్పీడ్‌పోస్ట్ దీనికంటే వేగం, ఖర్చూ ఎక్కువ. దాని మెట్టు 250 గ్రాములు. అంటే 510 గ్రాముల ప్యాకెట్‌కు 750 గ్రాముల ఛార్జీ పడుతుంది. వంటింటి త్రాసు పక్కన పెట్టుకుని ఆ పది గ్రాముల అట్టముక్క తీసేస్తే ఒక మెట్టు దిగినట్టే. ఏ దేశానికి ఏ సేవ ఉంది, ఎంత బరువు దాకా తీసుకుంటారు, ఆ రోజు ధర ఎంత అన్నది ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే కస్టమర్‌కు రేటు చెప్పాలి. పోయిన ఏడాది ఛార్జీ గుర్తుపెట్టుకుని చెప్పడం వల్లే చాలా బేరాల్లో లాభం పోతుంది.

ఇంటి దగ్గర నుంచే కస్టమ్స్

ఇదివరకు పోస్టు ద్వారా వ్యాపార సరుకు పంపాలంటే కాగితాలు పట్టుకుని ఫారిన్ పోస్టాఫీసు దాకా వెళ్లాల్సి వచ్చేది. చేవెళ్ల నుంచి అంటే ఒక పూట పోయినట్టే. అందుకే చాలామంది "గిఫ్ట్" అని రాసి పంపేసేవారు, లేదా ఊరికి వచ్చి వెళ్లే వాళ్ల బ్యాగులో పెట్టించేవారు. 2022లో తపాలా శాఖ, కస్టమ్స్ కలిసి పద్ధతి మార్చాయి. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు అన్న పేరుతో దేశవ్యాప్తంగా పోస్టాఫీసుల్లో ఎగుమతి కౌంటర్లు వచ్చాయి. ఇప్పుడవి వెయ్యికి పైగా ఉన్నాయి. పోర్టల్‌లో ఖాతా తెరిచి, పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ ఇంట్లోనే నింపి, బార్‌కోడ్ లేబుల్ ప్రింటు తీసి అతికించి, దగ్గరి కేంద్రంలో ఇచ్చేస్తే సరి. కస్టమ్స్ పరిశీలన అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతుంది, పార్సిల్ వెంట మనిషి పోనక్కర్లేదు. చేవెళ్ల (501503), మొయినాబాద్ (501504) పోస్టాఫీసుల్లో అడిగితే తమకు దగ్గరి కేంద్రం ఏదో చెబుతారు. పక్కనే చిలుకూరు ఉంది కాబట్టి ఒక మాట: అమెరికా పోయే మనిషికి వీసా ఎంతో పార్సిల్‌కు ఈ బిల్లు అంత.

బిల్లు నింపాలంటే ఐఈసీ నంబరు కావాలి, అంటే ఎగుమతి దిగుమతి కోడ్. డీజీఎఫ్‌టీ అధికారిక వెబ్‌సైట్‌లో పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువుతో ఎవరికి వారే దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు 500 రూపాయలు. గూగుల్‌లో వెతికితే ముందుగా కనబడే సైట్లలో కొన్ని ప్రభుత్వ సైట్లలాగే కనిపించి వేలల్లో అడుగుతాయి, జాగ్రత్త. కోడ్ వచ్చాక ప్రతి ఏడాది ఏప్రిల్, జూన్ మధ్య ఒకసారి వివరాలు సరిచూసి నిర్ధారించాలి. మారింది ఏమీ లేకపోయినా సరే. మరిచిపోతే కోడ్ నిలిచిపోవచ్చు, అది తెలిసేది సరిగ్గా రంజాన్ ఆర్డర్ల హడావుడిలో.

జీఎస్టీ దగ్గర ఒక అపోహ ఉంది. తెలంగాణలో టర్నోవర్ 20 లక్షలు దాటలేదు కాబట్టి నంబరు అక్కర్లేదని అనుకుంటారు. కానీ ఎగుమతిని చట్టం అంతర్రాష్ట్ర అమ్మకం కింద చూస్తుంది, అందుకే ముందే ఆడిటర్‌ను ఒకమాట అడగడం మంచిది. నంబరు ఉంటే లాభం కూడా ఉంది. ఎగుమతికి పన్ను రేటు సున్నా. ఏటా ఆన్‌లైన్‌లో ఎల్‌యూటీ అనే హామీపత్రం ఇస్తే పన్ను కట్టకుండానే పంపొచ్చు, గుడ్డకూ దారానికీ కట్టిన పన్ను తిరిగి అడగొచ్చు.

"గిఫ్ట్" అని రాస్తే ఏమవుతుంది

చాలామంది చేసే పని ఇదే, ఎక్కువ నష్టం తెచ్చేదీ ఇదే. అమ్మిన వస్తువు గిఫ్ట్ కాదు. ఇన్‌స్టాలో ధరతో సహా ఫొటో ఉంటుంది, కస్టమర్ డబ్బు పంపిన రికార్డు ఉంటుంది. అవతలి కస్టమ్స్ పట్టుకుంటే సరుకు ఆగుతుంది, కొన్నవాళ్లు జవాబు చెప్పుకోవాలి. పట్టుకోకపోయినా నష్టమే. పార్సిల్ పోతే 200 రూపాయలని రాసిన దుపట్టాకు 1,800 పరిహారం ఎవరూ ఇవ్వరు. ఎగుమతి చేసినట్టు రికార్డు ఉండదు కాబట్టి పన్ను వాపసూ రాదు, రేపు బ్యాంకులో అప్పు అడిగితే చూపడానికి వ్యాపారమూ ఉండదు.

డబ్బు వచ్చే దారి కూడా ఇందులో భాగమే. అక్కడ చుట్టానికి రియాళ్లో డాలర్లో ఇప్పించి, ఇక్కడ వేరే మనిషి దగ్గర నగదు తీసుకోవడం తేలికగానే కనిపిస్తుంది. విదేశీ మారక చట్టం ప్రకారం అది నిబంధనల ఉల్లంఘన. బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బే ఎగుమతి డబ్బుగా లెక్కకు వస్తుంది.

కాగితం మీద వస్తువు పేరు కూడా సరిగ్గా రాయాలి. "బట్టలు" అంటే చాలదు. "మహిళల కాటన్ డ్రెస్, నేసిన గుడ్డ, 1" అన్నట్టు ఉండాలి. దాంతోపాటు హెచ్‌ఎస్ కోడ్ ఇవ్వాలి. దాని మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే. అల్లిక బట్టలు 61వ అధ్యాయంలో, నేసినవి 62లో వస్తాయి. దుపట్టా, స్కార్ఫ్ లాంటివి నేసినవైతే 6214 కింద. ఒకసారి తెలుసుకుని గోడ మీద అంటించుకుంటే ప్రతిసారీ వెతకనక్కర్లేదు.

మెహిదీపట్నం వైపు కిలో లెక్కన విదేశాలకు పార్సిళ్లు పంపే ఏజెంట్లున్నారు. పెద్ద కొరియర్ల దగ్గర ఎక్కువ సరుకు మీద తగ్గింపు తీసుకుని అందులో కొంత మనకిస్తారు. పది కిలోల సరుకు ఒకే చిరునామాకు పోయేటప్పుడు వాళ్ల రేటు నిజంగానే బాగుండొచ్చు. అర కిలో ప్యాకెట్‌కు పోస్టే మేలు. ఏజెంటు దగ్గర ఒక్క సంగతి అడగాలి: ఎగుమతి ఎవరి పేరు మీద చూపిస్తారు? తన పేరు మీద అయితే ఆ వ్యాపారం కాగితాల్లో మీది కాదు.

అవతలి దేశంలో

అమెరికా ఒకప్పుడు అన్నింటికంటే సులువు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు ఆగిపోయింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచే అమెరికాకు దాదాపు అన్ని బుకింగులూ ఆపేసింది. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు పట్టుకున్న వాళ్లు ఏడు వారాలు ఎదురుచూడాల్సి వచ్చింది. అక్టోబరు 15న మళ్లీ మొదలైంది, కొత్త పద్ధతిలో. సుంకం పంపేవారే బుకింగ్ సమయంలో ఇక్కడే కట్టాలి. అప్పుడు చెప్పిన రేటు సరుకు విలువ మీద 50 శాతం. 2,500 రూపాయల డ్రెస్‌కు 1,250 అదనం అన్నమాట. ఈ శాతం రెండు దేశాల రాజకీయంతో పాటు మారుతుంది కాబట్టి బుక్ చేసే రోజున అడిగి తెలుసుకోవాలి. ఇందులో మంచి కూడా ఉంది. సుంకం ముందే కట్టేశారు కాబట్టి అక్కడ తలుపు దగ్గర కస్టమర్‌ను ఎవరూ డబ్బు అడగరు.

బ్రిటన్‌లో 135 పౌండ్ల లోపు సరుకు మీద వ్యాట్‌ను అమ్మేటప్పుడే తీసుకోవాలి. ఎట్సీ, ఈబే లాంటి చోట అమ్మితే ఆ పని వాళ్లే చేస్తారు. యూరప్‌లో 150 యూరోల దాకా ఐఓఎస్‌ఎస్ నంబరు పద్ధతి ఉంది. అది లేకపోతే వ్యాట్‌తో పాటు డెలివరీ సంస్థ ఫీజు కూడా కస్టమర్ మీద పడుతుంది. దీనికి తోడు 2026 జూలై 1 నుంచి ఈ చిన్న పార్సిళ్ల మీద 3 యూరోల సుంకం వేయాలని ఈయూ దేశాలు 2025 డిసెంబరులో నిర్ణయించాయి.

గల్ఫ్‌కు పంపేటప్పుడు మొబైల్ నంబరు లేకుండా చిరునామా రాయొద్దు. సౌదీకైతే నేషనల్ అడ్రస్ కూడా అడిగి రాయాలి. సౌదీలో వ్యాట్ 15 శాతం, యూఏఈలో 5. అసలు ప్రమాదం పన్ను కాదు, గసగసాలు. ఈ రెండు దేశాల్లో అవి నిషేధం. బట్టలతో పాటు ఇంట్లో చేసిన మసాలా పొడి ప్రేమగా పెడతారు, అందులో గసగసాలుంటే అందుకున్న మనిషి జైలు దాకా వెళ్లే పరిస్థితి వస్తుంది. చికెన్, మటన్ పచ్చళ్లను అమెరికా, బ్రిటన్, యూరప్ దేశాలు పోస్టులో రానివ్వవు. అమ్మకానికి పంపే మామిడికాయ పచ్చడికైనా అమెరికాలో ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆల్కహాల్ కలిసిన సెంటు పోస్టు పార్సిల్‌లో పోదు. నూనె అత్తరైనా సరే ముందు కౌంటర్‌లో అడగాలి.

ఇక తిరిగొచ్చే పార్సిల్. కస్టమర్ ఇంట్లో లేకపోతేనో, తీసుకోనంటేనో ఏం చేయాలో పార్సిల్ ఫారంలోనే అడుగుతారు: వెనక్కి పంపాలా, వదిలేయాలా? చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. 900 రూపాయల గాజుల సెట్ వెనక్కి రావడానికి అంతకంటే ఎక్కువ ఖర్చయ్యేటట్టుంటే "వదిలేయండి" అని టిక్ పెట్టి, అందుకు తగ్గట్టు పూర్తి డబ్బు ముందే తీసుకోవడం మేలు. పదిహేను వేల ఖడా దుపట్టాకైతే వెనక్కి రప్పించుకోవాల్సిందే. ఆ ఖర్చు ఎవరు భరించాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి.